సీసా మీద వాలిన పెంకుపురుగు

పశ్చిమ ఆస్ట్రేలియాలో డొంగారా అనే ఊరుంది. 1981 సెప్టెంబరులో ఆ ఊరి దగ్గర రోడ్డు పక్కన ఇద్దరు కీటక శాస్త్రజ్ఞులు ఒక వింత చూశారు. వాళ్ల పేర్లు డారిల్ గ్విన్, డేవిడ్ రెంట్జ్. ఎవరో తాగి విసిరేసిన బీరు సీసాలు అక్కడ పడి ఉన్నాయి. పొట్టి సీసాలు, గోధుమరంగువి. వాటి మీద పెద్ద పెద్ద పెంకుపురుగులు వాలి ఉన్నాయి. బీరు కోసం వచ్చాయేమో అనుకుందామంటే, వాటికి బీరుతో పనే ఉన్నట్టు లేదు. పైగా వాలినవన్నీ మగపురుగులే. అవి సీసాతో జతకట్టడానికి ప్రయత్నిస్తున్నాయి!

ఎందుకలా జరిగిందో చూద్దాం. ఆ జాతిలో ఆడపురుగు ఎగరదు, నేల మీదే ఉంటుంది. దాని ఒళ్లు గోధుమరంగులో నిగనిగలాడుతూ ఉంటుంది. రెక్కల పెంకు నున్నగా ఉండదు, దాని నిండా చిన్న చిన్న గుంటలుంటాయి. పైన ఎగిరే మగపురుగుకు ఆడపురుగును పోల్చుకోవడానికి ఈ గుర్తులే ఆధారం. వేల తరాలుగా ఈ గుర్తులు దాన్ని మోసం చెయ్యలేదు. ఆ నేల మీద అలా మెరిసే వస్తువు ఇంకొకటి ఉండేది కాదు మరి. ఇప్పుడు సీసా వచ్చింది. రంగు అదే, మెరుపు ఇంకా ఎక్కువ, అడుగుభాగం చుట్టూ చిన్న బుడిపెలున్నాయి, పరిమాణమా ఎన్నో రెట్లు! మగపురుగు కంటికి అది అందరికంటె గొప్ప ఆడపురుగు.

శాస్త్రజ్ఞులు నాలుగు సీసాలు తెచ్చి నేల మీద పెట్టి చూశారు. అరగంటలోపల రెండింటి మీద పురుగులు వాలాయి. చేత్తో లాగి తీస్తే తప్ప అవి సీసాను వదలలేదు. ఒక పురుగునైతే చీమలు పట్టి కొరుకుతున్నా అది కదలలేదు. ఆ చుట్టుపక్కలే ఒక వైన్ సీసా కూడా ఉంది. దాని రంగు వేరు, బుడిపెలు లేవు. దాని జోలికి ఒక్క పురుగూ పోలేదు.

ఇటువంటిదే ఇంకో సంగతి అంతకుముందే హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు నికో టింబర్గెన్ గమనించాడు. సముద్రతీరంలో ఉండే ఒక జాతి గల్ పక్షుల ముక్కు మీద ఎర్రని మచ్చ ఉంటుంది. పిల్లలు ఆ మచ్చను పొడిస్తే తల్లి తిండి కక్కి పెడుతుంది. టింబర్గెన్ అసలు తల్లి తలను పోలిన బొమ్మ ఒకటి, మూడు తెల్లని చారలున్న సన్నని ఎర్రపుల్ల ఒకటి చేసి పిల్లల ముందు పెట్టాడు. పిల్లలు పుల్లనే ఎక్కువసార్లు పొడిచాయి! ప్రకృతిలో ఉన్నదానికంటె పెద్దదిగా, ఎర్రగా, కొట్టొచ్చినట్టుగా చేసి చూపే ఇటువంటి నకిలీ గుర్తులను ‘అతి ఉద్దీపనలు’ అనవచ్చు. జంతువుల ప్రవర్తన మీద చేసిన కృషికి టింబర్గెన్‌కు 1973లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ పురుగుల, పక్షుల కథ ఇక్కడ ఎందుకు చెప్తున్నానో ఇక వివరిస్తాను. మా బడిలో సైన్సు గది బయట ఒక అట్టపెట్టె పెట్టాను. పేరు రాయకుండా ఎవరైనా ప్రశ్న వెయ్యవచ్చు. గ్రహణాల గురించి, దయ్యాల గురించి, రాకెట్ల గురించి వచ్చే చీటీలు ఎప్పుడూ ఉన్నవే. సెల్‌ఫోన్లు ఇంటింటికీ వచ్చాక ఇంకో రకం చీటీలు మొదలయ్యాయి. ఫోనులో అశ్లీల వీడియోలు చూస్తున్నాననీ, మానాలనుకున్నా మానలేకపోతున్నాననీ, మెదడు పాడైపోయిందేమోనని భయంగా ఉందనీ వాటి సారాంశం. రాసినవాళ్లెవరో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. కాని ప్రశ్న సైన్సు ప్రశ్న. దానికి సైన్సు జవాబు ఉండాలి. ప్రత్యుత్పత్తి పాఠాన్నే ‘ఇంట్లో చదువుకోండి’ అని దాటేసే ఉపాధ్యాయులు మాలో ఇంకా ఉన్నారు కాబట్టి, పిల్లలు ఈ జవాబు కోసం ఎక్కడెక్కడో వెతుక్కుంటున్నారు.

మొదట ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. మీ వయసులో శరీరం మారుతుంది, ఆకర్షణ కలుగుతుంది, తెలుసుకోవాలని కుతూహలం పుడుతుంది. ఇది జబ్బు కాదు, తప్పూ కాదు. మీసాలు రావడం ఎంత సహజమో ఇదీ అంతే. మన ప్రశ్న దీని గురించి కాదు. చూడవద్దనుకుంటూనే, చూసినా సంతోషం లేదని తెలిసి కూడా, చెయ్యి మళ్లీ మళ్లీ ఫోను వైపే ఎందుకు పోతుంది?

దీనికి జవాబు వెతకాలంటే ఎలుకల దగ్గరికి వెళ్లాలి. కెనడాలోని మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు 1954లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. ఎలుక మెదడులో ఒకచోట సన్నని తీగ దింపి, ఎలుక మీట నొక్కినప్పుడల్లా ఆ చోట కొద్దిపాటి విద్యుత్తు తగిలేటట్టు ఏర్పాటు చేశారు. ఎలుక మీట నొక్కడం మొదలుపెట్టింది. ఇక ఆపలేదు! తర్వాత చేసిన ప్రయోగాలలో కొన్ని ఎలుకలు గంటకు వెయ్యిసార్లకు పైగా నొక్కాయి. మెదడులో ‘ఆనంద కేంద్రం’ దొరికిందని అందరూ అనుకున్నారు. ఈ చోట్లలో పనిచేసే ముఖ్యమైన రసాయనం డోపమైన్ అని తెలిశాక, దానికి ‘ఆనంద రసాయనం’ అని పేరు పడింది. ఇప్పటికీ పత్రికల్లో, వీడియోల్లో ఈ పేరే వినిపిస్తుంది. పేరు బాగానే ఉంది గాని, అది సరైంది కాదని తర్వాత తేలింది.

తేల్చినవాడు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెరిడ్జ్. 1980ల చివర్లో ఆయన, ఆయన సహచరులు ఎలుకల మెదడులో డోపమైన్ దాదాపు పూర్తిగా లేకుండా చేశారు. డోపమైన్ ఆనందమే అయితే, ఆ ఎలుకలకు తీపి తియ్యగా అనిపించకూడదు కదా? ఇష్టాన్ని కొలవడం ఎలా అంటారా? చంటిపిల్లవాడి నోట్లో పంచదార నీళ్లు వేసి చూడండి, నాలుకతో పెదవులు నాకుతాడు. వేపరసం తగిలితే నోరు వెళ్లబెట్టి ముఖం చిట్లిస్తాడు. ఎలుకలూ అంతే చేస్తాయి. డోపమైన్ లేని ఎలుకలు ఎదురుగా తిండి ఉన్నా కదలలేదు, తినలేదు. గొట్టంతో తినిపించకపోతే చచ్చిపోయేవే. అదే ఎలుకల నోట్లో తియ్యని నీటిచుక్క వేస్తే మామూలు ఎలుకల్లాగే ఇష్టంగా పెదవులు నాకాయి! అంటే వాటికి ఇష్టం పోలేదు. పోయింది యావ. తెచ్చుకోవాలి, తినాలి అనే తహతహ.

దీనికి ఎదురు ప్రయోగం కూడా చేశారు. మెదడులో ఒకచోట విద్యుత్తు పెట్టి ఎలుకకు తిండి మీద యావ పెంచారు. ఎలుక తెగ తినేసింది. కాని తింటున్నప్పుడు దాని ముఖంలో ఇష్టం పెరిగిన గుర్తులు లేవు. పైపెచ్చు అయిష్టపు గుర్తులే ఎక్కువయ్యాయి. తినాలని లేకపోయినా తినకుండా ఉండలేకపోవడం అంటే ఏమిటో ఆ ఎలుకను చూస్తే అర్థమవుతుంది.

యావ వేరు, ఇష్టం వేరు. మామూలుగా ఈ రెండూ జోడెద్దుల్లాగా కలిసే నడుస్తాయి గనుక మనకు తేడా తెలియదు. మామిడిపండు కావాలనిపిస్తుంది, తింటే బాగుంటుంది, కడుపు నిండితే చాలనిపిస్తుంది. వ్యసనంలో ఈ జోడు విడిపోతుంది. యావ పెరుగుతూ పోతుంది, ఇష్టం ఉన్నచోటే ఉంటుంది, లేదా తగ్గుతుంది. బెరిడ్జ్, ఆయన సహచరుడు టెర్రీ రాబిన్సన్ 1993లో మాదకద్రవ్యాల వ్యసనానికి ఇదే కారణమని ప్రతిపాదించారు.

మరి మాదకద్రవ్యం ఒంట్లోకి పోతుంది, మెదడు రసాయనాలను తారుమారు చేస్తుంది, ఒప్పుకుందాం. ఫోనులో బొమ్మ చూస్తే ఒంట్లోకి ఏమీ పోదు గదా? ఇది మంచి ప్రశ్న. చాలాకాలం డాక్టర్లు కూడా ఇలాగే వాదించుకున్నారు.

స్విట్జర్లాండులో వుల్ఫ్‌రామ్ షుల్ట్స్ కోతుల మీద చేసిన ప్రయోగాలు దీనికి దారి చూపాయి. కోతి నోట్లో అనుకోకుండా పండ్లరసం చుక్క పడితే, దాని మెదడులోని డోపమైన్ నాడీకణాలు ఒక్కసారిగా చురుకవుతాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగిస్తూ పోతే, కొన్నాళ్లకు ఆ కణాలు రసానికి స్పందించడం మానేసి దీపానికి స్పందిస్తాయి. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన క్షణంలో ఉన్న చురుకు కూడా పడిపోతుంది. అంటే ఈ కణాలు ‘అనుకున్నదానికంటె మేలు’, ‘అనుకున్నదానికంటె నష్టం’ అనే లెక్క వేస్తున్నాయన్నమాట. అనుకున్నట్టే వచ్చినదాన్ని అవి పట్టించుకోవు. కొత్తది, ఊహించనిది వస్తే లేస్తాయి.

ఇప్పుడు ఫోను తెర మీద వేలితో పైకి తోయడాన్ని గుర్తు చేసుకోండి. తర్వాత ఏం వస్తుందో తెలియదు. బాగుండవచ్చు, ఉండకపోవచ్చు. వీడియోలకు అంతు లేదు, కొత్తదనానికి కొదవ లేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ తన పావురాలతో దీన్ని ముందే చూపించాడు. ఎన్ని పోట్లకు గింజ పడుతుందో తెలియని పావురమే అలుపు లేకుండా పొడుస్తూ ఉంటుంది. జూదగాడి ఆశ కూడా ఇదే. అశ్లీల వీడియోలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. సంతానం కోసం ప్రకృతి జీవులన్నిటిలో పెట్టిన బలమైన ఆకర్షణను అది అతి ఉద్దీపనగా మార్చి వాడుకుంటుంది. సీసా మెరుపూ, గింజ ఆశా ఒకేచోట కలిసినట్టు!

ఒంట్లోకి ఏ మత్తూ పోకుండానే ప్రవర్తన వ్యసనంగా మారగలదనడానికి మనుషుల్లో గట్టి సూచన ఒకటి వణుకుడు రోగం వార్డుల నుంచి వచ్చింది. పార్కిన్సన్ వ్యాధిలో మెదడులోని డోపమైన్ కణాలు నశిస్తాయి. డోపమైన్ చేసే పని చేసే ప్రామిపెక్సోల్ వంటి మందులు ఇస్తే వణుకు, బిగువు తగ్గుతాయి. 2000 తర్వాత డాక్టర్లు ఒక విచిత్రం గమనించారు. జీవితంలో ఏనాడూ పేకముక్క పట్టని పెద్దమనుషులు కొందరు ఈ మందు మొదలుపెట్టాక జూదానికి ఎగబడ్డారు. కొందరు అవసరం లేని వస్తువులు కొనడం, కొందరు అదేపనిగా తినడం, కొందరు అశ్లీల చిత్రాల వెంట పడటం మొదలుపెట్టారు. మందు తగ్గించినా, మార్చినా చాలామందిలో ఆ యావ తగ్గిపోయింది. వాళ్ల గుణం మారలేదు, మారింది మందు మోతాదు. ‘బుద్ధి లేక చేస్తున్నాడు’ అని తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఈ రోగుల గురించి ఒక్కసారి ఆలోచించాలి.

అశ్లీల వీడియోల మీదే సూటిగా చేసిన పరిశోధనలూ ఉన్నాయి. 2014లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో వలెరీ వూన్, ఆమె సహచరులు ఈ అలవాటును ఆపుకోలేని 19 మంది మగవాళ్లను, సమస్య లేని 19 మందిని స్కానింగు యంత్రంలో ఉంచి మెదడు పనితీరు పరిశీలించారు. మాదకద్రవ్య వ్యసనంలో చురుకయ్యే భాగాలలో కొన్ని వీళ్లలోనూ చురుకయ్యాయి. అంతకంటె ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, సమస్య ఉన్నవాళ్లు ఆ వీడియోలు ‘ఎక్కువ కావాలనిపిస్తున్నాయి’ అన్నారు గాని ‘ఎక్కువ నచ్చుతున్నాయి’ అనలేదు. ఎలుకల్లో చూసిన జోడెద్దుల చీలికే ఇక్కడా కనిపించింది.

అదే ఏడాది బెర్లిన్‌లో సిమోన్ క్యూన్, యుర్గెన్ గల్లినాట్ 64 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల మెదళ్లను కొలిచారు. ఈ వీడియోలు ఎక్కువ గంటలు చూసేవాళ్లలో మెదడులోని ఒక చిన్న భాగం కొంచెం తక్కువ పరిమాణంలో ఉంది. దీన్ని పట్టుకొని ‘అశ్లీల వీడియోలు మెదడును తినేస్తాయి’ అని రాసినవాళ్లున్నారు. తొందరపడకండి. చూడటం వల్ల ఆ భాగం తగ్గిందా, పుట్టుకతో ఆ భాగం అలా ఉన్నవాళ్లే ఎక్కువ చూస్తున్నారా అన్నది ఒక్కసారి కొలిచి చెప్పలేం. రెండు సంగతులు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని మీరు తరగతిలో చదువుకునే ఉంటారు. ఆ పరిశోధకులు కూడా ఈ రెండు అవకాశాలనూ ఒప్పుకున్నారు. మెదడు పాడైపోయిందేమోనని చీటీ రాసినవాళ్లకు నా జవాబు ఇది: అలా అనడానికి ఆధారం లేదు. మెదడు నేర్చుకుంది. నేర్చుకున్నది మార్చుకోగలదు కూడా.

ఇంతకీ దీన్ని వ్యసనం అనవచ్చా? శాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో జూదాన్ని వ్యసనాల జాబితాలో చేర్చింది గాని దీన్ని చేర్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక పదకొండో కూర్పు 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది. అందులో జూదం, వీడియో ఆటలు వ్యసన ప్రవర్తనల కింద ఉన్నాయి. ఆపుకోలేని లైంగిక ప్రవర్తన మాత్రం, అశ్లీల వీడియోల అలవాటుతో సహా, ప్రేరణను అదుపు చేసుకోలేని రుగ్మతల కింద వేరే గదిలో ఉంది. గది ఏదైనా జబ్బు లక్షణాలు మాత్రం రాశారు. ఆరు నెలలో అంతకంటె ఎక్కువ కాలమో ఇది సాగాలి. చదువు, ఆరోగ్యం, స్నేహాలు, బాధ్యతలు దీని వల్ల దెబ్బతినాలి. మానాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా విఫలం కావచ్చు. నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా, తృప్తి లేకపోయినా కొనసాగవచ్చు. తృప్తి లేకపోయినా అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఎలుక ముఖంలో బెరిడ్జ్ చదివింది అదే.

అదే పట్టికలో ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ‘ఇది తప్పు’ అన్న బాధ ఒక్కటే ఉంటే, దాన్ని బట్టి జబ్బు ఉన్నట్టు నిర్ణయించకూడదు. ఇది చాలా అవసరమైన వాక్యం. ఒకటి రెండుసార్లు చూసి, ఆ తర్వాత నెలల తరబడి తమను తాము అసహ్యించుకునే పిల్లలున్నారు. వాళ్లకున్నది వ్యసనం కాదు, భయం. ఆ భయం మీద వ్యాపారం చేసేవాళ్లను మీరు బస్టాండు గోడల మీద చూసే ఉంటారు, ఫలానా లాడ్జిలో ఫలానా తేదీన రహస్య వ్యాధులకు శాశ్వత చికిత్స అంటూ. వాళ్ల మందుల వల్ల తగ్గేది జేబు బరువొక్కటే.

సిగ్గు వల్ల ఇంకో నష్టముంది. దిగులుగా ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు, పరీక్ష భయంలో ఉన్నప్పుడు ఫోను తియ్యాలనిపిస్తుంది. చూశాక సిగ్గు. సిగ్గు వల్ల ఎవరితోనూ మాట్లాడలేరు, మళ్లీ ఒంటరితనం. బావి గిలకలాగా ఇది తిరుగుతూనే ఉంటుంది. తిట్లు, దెబ్బలు ఈ గిలకకు నూనె వేస్తాయంతే. ఈ వ్యాసం చదివే తల్లిదండ్రులెవరైనా ఉంటే, ఈ పేరా వారి కోసమే.

ఈ వీడియోల్లో చూసేదాన్ని నిజమనుకునే పొరపాటు కూడా ఉంది. మన సినిమాలో హీరో కాలితో తంతే జీపు గాల్లోకి లేస్తుంది. దాన్ని చూసి ఎవరూ జీపును తన్నబోరు, తెర వెనక తాళ్లున్నాయని తెలుసు కనుక. అశ్లీల వీడియోలు కూడా డబ్బు కోసం నటించి, కత్తిరించి, అతికించినవే. అందులో నొప్పి, భయం, అలసట, అవతలి మనిషి ఇష్టాయిష్టాలు ఉండవు. స్త్రీలను వస్తువుల్లాగా చూపేవి చాలా ఉన్నాయి. కొన్నిటిలో ఉన్నవాళ్లకు తమను చిత్రీకరించారని కూడా తెలియదు. ఆడామగా సంబంధం గురించి వాటి నుంచి నేర్చుకోవడం, ఆ జీపు ఫైటు చూసి డ్రైవింగు నేర్చుకోవడం లాంటిదే.

ఒక పెద్దవాడెవరైనా మీకు ఇటువంటివి చూపిస్తే, అది 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. నేరం చూపినవాడిది, మీది కాదు. 1098 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు.

సరే, చిక్కుకున్నవాళ్లు ఏం చెయ్యాలి? షుల్ట్స్ కోతి దీపం గుర్తుందా? యావను లేపేది దీపం. మీ దీపం ఏమిటో కనిపెట్టాలి. దీనికి సైన్సు విద్యార్థి పద్ధతే మంచిది. ఒక చిన్న పుస్తకం తీసుకొని, కోరిక పుట్టినప్పుడల్లా వేళ ఎంత, ఎక్కడున్నారు, మనసు ఎలా ఉంది అన్న మూడు సంగతులు మాత్రం రాయండి. చూశారా లేదా అన్నది కూడా రాయనక్కరలేదు. రెండు వారాలు గడిచాక పట్టిక మీకే కథ చెప్తుంది. రాత్రి పదకొండు, తలుపు వేసిన గది, పక్క మీద ఫోను, ఇలా ఏదో ఒకటి పదేపదే వస్తుంది. అప్పుడు దీపాన్ని మార్చండి. ఫోను రాత్రి వంటింట్లో ఛార్జింగుకు పెట్టి పడుకోవడం వినడానికి చాదస్తంగా ఉంటుంది గాని, నిద్రకూ ఇది మేలే. కోరిక అల లాంటిది. లేస్తుంది, శిఖరానికి చేరుతుంది, దానంతటదే విరుగుతుంది. దానితో కుస్తీ పట్టకుండా లేచి బయటికి నడిస్తే, కాసేపటికి అది విరగడం మీరే గమనిస్తారు. అదుపు చేసే ముందరి మెదడు ఇరవై ఏళ్లు దాటాక గాని పూర్తిగా పక్వం కాదు. కాబట్టి మీ వయసులో సంకల్పబలం కంటె వంటింట్లో ఉన్న ఫోనే నమ్మదగ్గది. మధ్యలో ఒకసారి జారితే లెక్క సున్నా నుంచి మొదలుపెట్టనక్కరలేదు. అది కూడా పట్టికలో ఒక వరస.

ఒక్కరే చెయ్యలేకపోతే ఒక పెద్దవారికి చెప్పండి. అమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, తిట్టరని నమ్మకమున్న టీచరు కావచ్చు. వివరాలు చెప్పనక్కరలేదు, ‘ఫోను అలవాటు ఒకటి నా వల్ల ఆగడం లేదు’ అంటే చాలు. మానసిక వైద్యులు మాటలతోనే చాలావరకు దీనికి చికిత్స చేస్తారు. ఫోను, ఇంటర్నెట్టు అలవాట్ల కోసమే బెంగుళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో 2014లో ఒక ప్రత్యేక క్లినిక్ తెరిచారు. అంత దూరం పోలేనివాళ్లకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.